మీకు తెలుసా? దెయ్యాన్ని దాచిపెట్టేదే మంచి ట్రైలర్!

● రామతీర్థం నుంచి విజయనగరం థియేటర్లకు దాదాపు 12 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లాలా వద్దా అన్నది ఫోన్‌లో చూసే రెండు నిమిషాల ట్రైలరే తేల్చేస్తుంది.

● ‘విరూపాక్ష’ (2023) కథ రుద్రవనం అనే కల్పిత గ్రామంలో నడుస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన టైటిల్ గ్లింప్స్‌కు జూనియర్ ఎన్టీఆర్ గొంతునిచ్చారు. తెలిసిన గొంతు, తెలియని ఊరు... ఆసక్తి అక్కడే మొదలైంది.

● ‘సైకో’ (1960) ట్రైలర్ ఆరు నిమిషాలకు పైనే. దర్శకుడు హిచ్‌కాక్ స్వయంగా సెట్టంతా తిప్పి చూపించారు, కథ మాత్రం విప్పలేదు. చివర్లో స్నానాల గదిలో కెవ్వుమన్నది సినిమాలోని జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్!

● ఆపదలో పడిన జంతువుల అరుపుల్లాంటి కర్ణకఠోర శబ్దాలు మనల్ని ఇట్టే ఉలిక్కిపడేలా చేస్తాయి. హారర్ సినిమాలు వాటిని విరివిగా వాడుకుంటాయని 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వందకు పైగా సినిమాలను పరిశీలించి చెప్పారు.

● అందుకే ట్రైలర్‌లో మొదట నిశ్శబ్దం, ఆపైన ఒక్కసారిగా పెద్ద మోత.

● థియేటర్‌లో వేసే ట్రైలర్‌కూ సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఈసారి హారర్ ట్రైలర్‌ని మ్యూట్‌లో పెట్టి చూడండి. భయం ఎక్కడి నుంచి వస్తోందో మీకే తెలుస్తుంది.