ఇంట చలనచిత్రము: రెండు డిస్కు యంత్రముల వృత్తాంతము

తిరుగలిని కొన్నచో ఏ యూరి ధాన్యమైనను అందు పిండి యగును. డిస్కులపై చలనచిత్రములను చూపెడి యంత్రము అట్టిది కాదు. అది యెంత చక్కనిదైనను, సరిపడు డిస్కులు అంగడిలో దొరకకున్నచో బల్లపై నలంకారముగా మిగులును. 2006వ సంవత్సరమున అమెరికాలో హై డెఫినిషను యంత్రములను కొన్న కుటుంబములకు ఈ సంగతి రెండేండ్లలోనే అనుభవమునకు వచ్చినది. ఆ వృత్తాంతము సోదరీమణులు తెలిసికొనదగినది.

ముందుగా యంత్రము చేయు పనిని చూతము. అమెరికాలోని డి.వి.డి. చిత్రమున అడ్డముగా 720, నిలువుగా 480 చుక్కలుండును. హై డెఫినిషను చిత్రమున 1920, 1080 చుక్కలు. లెక్క కట్టినచో సరిగా ఆఱు రెట్లు. ఇన్ని చుక్కలను అదే పరిమాణముగల డిస్కుపై నిముడ్చుటకు ఎఱ్ఱని కిరణమునకు మాఱుగా నీలలోహిత కిరణమును వాడిరి. సూదిమొన సన్నమైన కొలది కుట్టు సన్నమగునట్లు, ఈ కిరణముతో గుర్తులను మిక్కిలి దగ్గఱగా చదువవచ్చును.

కిరణ మొక్కటియే యైనను వర్తకులు రెండు పక్షములైరి. టోషిబావారి పక్షము హెచ్.డి. డి.వి.డి.; సోనీ మున్నగువారి పక్షము బ్లూ-రే. మొదటిదానియందు పొర యొక్కింటికి 15 గిగాబైట్లు, రెండవదానియందు 25 పట్టును. ఒక పక్షపు డిస్కు వేఱొక పక్షపు యంత్రమున ఆడదు. పాత డి.వి.డి.లు మాత్రము రెండింట నాడినవి.

2006 ఏప్రిలులో టోషిబావారి హెచ్.డి.-ఎ1 యంత్రము 499 డాలర్లకు అమెరికా అంగళ్లకు వచ్చెను. మీట నొక్కిన పిదప మేల్కొనుటకు దానికి నిమిషము పట్టెడిది. పిల్లలు కాచుకొని కూర్చున్నప్పుడు నిమిషము స్వల్పకాలము కాదు! బొమ్మ మాత్రము నిర్మలము; పాత డి.వి.డి.లను సైతము అది బాగుగా చూపెడిది. జూను నెలలో వచ్చిన సామ్సంగు బ్లూ-రే యంత్రము వెల 999 డాలర్లు. రెట్టింపు సొమ్ము పోసినను బొమ్మ మెత్తగా, మసకబారినట్లుండెను. చిత్రములోని గరుకును తీసివేయుటకై పెట్టిన జల్లెడ వంటి యేర్పాటు మితిమీఱి పనిచేయుటయే కారణమని తేలినది. తరువాత దానిని సరిదిద్దిరి. తొలి బ్లూ-రే డిస్కులు పెక్కింటిని పాత పద్ధతినే ఒక్క పొరపై ముద్రించుటయు మఱియొక కొఱత. ఆ వేసవిలో రెండు యంత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన గృహిణి టోషిబాను కోరుకొన్నచో ఆమెను తప్పుపట్ట వీలులేదు.

అయినను ఆ డిస్కులను నింపువారెవరు? యూనివర్సల్ వారు హెచ్.డి. డి.వి.డి. పక్షమున నిలిచిరి. సోనీ, డిస్నీ, ఫాక్సు సంస్థలు బ్లూ-రేనే పట్టుకొనినవి. వార్నర్, పారమౌంటు వారు తొలుత రెండింటను విడుదల చేసిరి. చిన్నపిల్లలుగల యింట డిస్నీ చిత్రములు ఆడని యంత్రము ఎన్నాళ్లు నిలుచును? యంత్రపు వెల యొకసారి పెట్టునది. డిస్కుల వెల నెలనెలా పెరుగుచు పోవునది. ఈ లెక్క వేసినవారు మిక్కిలి కొలదిమంది. అదే నవంబరులో సోనీవారి ప్లేస్టేషను 3 వచ్చెను. పిల్లల యాటకై దానిని కొన్న యిండ్లలో బ్లూ-రే యంత్రము అడుగకయే అడుగు పెట్టినది.

2007 నవంబరులో టోషిబావారి తరువాతి యంత్రము నొకదానిని నూఱు డాలర్లకు లోపుగా అమ్మిరి. జనులు ఎగబడి కొనిరి. 2008 జనవరి 4వ తేదీన వార్నర్ వారు బ్లూ-రే పక్షమునకే మొగ్గుచున్నామని ప్రకటించిరి. ఫిబ్రవరి 19వ తేదీన టోషిబావారు తమ యంత్రముల నిక చేయమనిరి. నాడు కొన్నవారి కొక యూరట గలదు: పాత డి.వి.డి.లకు ఆ యంత్రము చక్కగా పనికివచ్చెను.

ఇంతకును ఆఱు రెట్ల చుక్కలు మన కంటి కందునా యన్నది వేఱొక ప్రశ్న. 40 అంగుళముల టెలివిజనును పండ్రెండడుగుల దూరమునుండి చూచినచో, సామాన్యమైన కంటికి మంచి డి.వి.డి.కిని హై డెఫినిషనునకును భేదము దాదాపు తోపదు. పూర్తి ఫలము పొందవలెనన్న అయిదాఱడుగుల దగ్గఱకు జరుగవలెను. ఒక గోడకు టెలివిజను, ఎదుటి గోడకు మంచము వేసికొను మన గదులలో, యంత్రమునకు వెచ్చించుటకు ముందు టేపు తీసి కొలిచి చూచుట యుక్తము.

అమెరికానుండి పిల్లలు బ్లూ-రే డిస్కులు పంపునపుడు ఇంకొక జాగ్రత్త వలయును. లోకమును ఏ, బి, సి యని మూడు మండలములుగా విభజించినారు. అమెరికా ఏ మండలమున, భారతదేశము సి మండలమున నున్నవి. ఏ మండలమునకే బిగించిన డిస్కు మన యింటి సి యంత్రమున ఆడదు. అన్నిటికి నీ బిగింపు లేదు. పెట్టె వెనుక ముద్రించిన యక్షరమును చూచి పంపుమని ముందే వ్రాయవలెను.