చెప్పిన టైముకు చేరేవాడే గెలుస్తాడు

డ్రాగ్ రేసులో ఏముంది, వంపుల్లేని నేరు రోడ్డు మీద రెండు కార్లు పావు మైలు, అంటే 402 మీటర్లు పరుగెత్తుతాయి, ముందు చేరినవాడు గెలుస్తాడు అని చాలామంది అనుకుంటారు. పెద్ద స్పాన్సర్ల డబ్బుతో నడిచే ప్రొఫెషనల్ తరగతుల్లో ముందు చేరినవాడే గెలుస్తాడన్నది నిజమే. కానీ అమెరికాలో ఈ ట్రాకులకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వారమంతా ఏదో ఉద్యోగం చేసుకుని, వారాంతంలో సొంత కారును ట్రెయిలర్ మీద ఎక్కించుకుని వచ్చే అమెచ్యూర్లు. అక్కడ వాళ్లను స్పోర్ట్స్‌మన్ రేసర్లంటారు. వాళ్ల పందేల్లో మాత్రం ముందు గీత దాటినవాడు కూడా ఓడిపోవచ్చు.

ఈ స్పోర్ట్స్‌మన్ తరగతుల్లో చెప్పుకోదగ్గ పేరు డాన్ ఫ్లెచర్. న్యూయార్క్ రాష్ట్రం వాడు. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ అక్కడ ఈ క్రీడను నడుపుతుంది. దాని జాతీయ పోటీల్లో ఫ్లెచర్ వందకు పైగా విజయాలు సాధించాడు. ప్రొఫెషనల్స్‌ని కలుపుకున్నా వంద దాటినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అతనికి బాగా పేరు తెచ్చిన కారు 1969 నాటి షెవ్రొలే కమారో. అంతకుముందు తండ్రి నడిపిన కారది.

అంత పాత కారుతో అన్ని గెలుపులెలా సాధ్యం? అది తెలియాలంటే పందెం నియమం తెలియాలి.

తన కారు పావు మైలును ఎన్ని సెకన్లలో దాటుతుందో డ్రైవరు ముందే చెప్పాలి. దాన్ని డయల్-ఇన్ అంటారు. ఒకరు 10.50 అన్నారు, పక్కవాడు 12.00 అన్నాడు అనుకుందాం. నెమ్మది కారును ఒకటిన్నర సెకను ముందు వదులుతారు. ఇద్దరూ చెప్పినట్టే నడిపితే గీత దగ్గర సమానంగా ఉంటారు. అందుకే నాలుగు లక్షల కారు నలభై లక్షల కారును ఓడించగలదు. ఈ క్రీడలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

మరి 10.80లో వెళ్తుందని చెప్పి 10.50లో పోతే? కుదరదు. చెప్పిన టైముకన్నా త్వరగా చేరితే బ్రేకవుట్, అంటే ఓటమే. ఇద్దరూ అలాగే చేస్తే తక్కువ తేడాతో తప్పినవాడు గెలుస్తాడు. ఇది మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడే పందెం.

రెండో పరీక్ష బయలుదేరడం. ట్రాకు మొదట్లో నిలువుగా దీపాల స్తంభం ఉంటుంది, పేరు క్రిస్మస్ ట్రీ. మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఆ తర్వాత పచ్చది. పచ్చ దీపం చూశాక కదిలితే అప్పటికే ఆలస్యం. చివరి పసుపు వెలిగే క్షణంలోనే కారును వదలాలి, అది ముందుకు ఉరికేసరికి పచ్చ వెలగాలి. రెప్పపాటు తొందరపడితే ఎర్ర దీపం, అక్కడితో ఆట ముగిసింది. కొన్ని తరగతుల్లో ఇందుకు ఎలక్ట్రానిక్ పరికరం వాడుకోవచ్చు. ఫ్లెచర్ ఎక్కువగా పోటీపడిన స్టాక్, సూపర్ స్టాక్ తరగతుల్లో ఆ వీల్లేదు, కంటినీ కాలినీ నమ్ముకోవాల్సిందే.

ఒక పందెం లెక్క చూద్దాం. 12.00 చెప్పినవాడు 0.030 సెకను ఆలస్యంగా కదిలి 12.02లో చేరాడు. మొత్తం తేడా 0.050. 10.50 చెప్పిన వేగం కారువాడు 0.015 ఆలస్యంగా కదిలి 10.52లో చేరాడు. తేడా 0.035. రెండోవాడిదే గెలుపు, అదీ 0.015 సెకను తేడాతో. గీత దగ్గర కార్లు గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో ఉంటాయి. ఆ వేగంలో అది మీటరు దూరం కూడా కాదు. అదే వేగం కారువాడు 10.49లో చేరి ఉంటే, ముందు గీత దాటి కూడా ఓడేవాడు. అందుకే అనుభవజ్ఞులు చివరి కొన్ని మీటర్లలో పక్క కారును ఓరకంట చూస్తూ, ఎంత ముందున్నామో అంచనా కట్టి, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తారు. కావలసినంతే గెలవాలి. నన్నడిగితే అసలైన విద్య ఇదే.

టైము ముందే చెప్పడానికి ఊహ చాలదు. గాలి వేడెక్కినా, తేమ పెరిగినా ఇంజిన్‌కు ఆక్సిజన్ తగ్గి కారు నెమ్మదిస్తుంది. ఎత్తయిన ఊళ్లలోనూ అంతే. అందుకే రేసర్లు ట్రెయిలర్‌లో వాతావరణ యంత్రం పెట్టుకుని, ప్రతి పరుగునూ పుస్తకంలో రాసుకుంటారు.

పోటీకి 64 కార్లు వస్తే వరుసగా ఆరు రౌండ్లు గెలవాలి. ఒక్కసారి ఓడితే ఇంటికే. పదింట ఏడు పందేలు గెలవగల దిట్టకు కూడా ఆరూ వరుసగా గెలిచే అవకాశం వందకు పన్నెండే. ఈ లెక్కన చూస్తే వంద విజయాల వెనుక ఎన్ని వందల రౌండ్లున్నాయో తెలుస్తుంది. పైగా ఇది ప్రైజ్ మనీ తక్కువ, టైర్లకూ పెట్రోలుకూ ప్రయాణాలకూ ఖర్చు ఎక్కువ అయిన రంగం. అందులో ఫ్లెచర్ రేసింగ్‌నే బతుకుతెరువు చేసుకున్నాడు. స్పోర్ట్స్‌మన్ రేసర్లలో అలా నెగ్గుకొచ్చినవాళ్లు చాలా తక్కువ. ఇప్పుడు అతని కొడుకులూ రేసర్లే.

వాలీ పార్క్స్ తరం వాళ్లు కోరుకున్నది కుర్రాళ్ల పందేలు వీధుల నుంచి ట్రాకుల మీదికి రావాలని. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అర్ధరాత్రి బైక్ రేసులు పెడుతూ పోలీసులకు దొరికిన పిల్లల వార్తలు చదివినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. ప్రాణం పణంగా పెట్టకుండా ఆడుకునే చోటు వాళ్లకూ ఉండాలి.

పరుగు ముగియగానే డ్రైవరు చేతికి టైమ్ స్లిప్ వస్తుంది, బస్సు టికెట్టంత కాగితం. ఎంత ఆలస్యంగా కదిలాడు, మొదటి అరవై అడుగులు ఎన్ని సెకన్లలో దాటాడు, చివర ఎంత వేగంలో ఉన్నాడు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చదువుతూనే ట్రెయిలర్ దగ్గరికి వస్తాడు. మధ్యాహ్నం ఎండ ముదిరింది. అద్దం మీద తెల్ల బూటు పాలిష్‌తో రాసి ఉన్న 10.52ను గుడ్డతో తుడిచి, 10.54 అని రాస్తాడు.