దాదీ మాటలు దాచుకోవాలంటే.. కంప్యూటర్‌లో వినిపించేదాన్ని నేరుగా రికార్డు చేసే పద్ధతి

దంతాలపల్లిలో దాదీ, దమ్మామ్‌లో మనవడు. శుక్రవారం జుమా అయ్యాక ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్. మాటల్లో మాటగా దాదీ తన పుట్టింటి సంగతి ఎత్తుకుంటుంది. ఎవరి కొడుకు ఎవరు, ఏ ఇంటి పిల్లను ఏ ఊరికి ఇచ్చారు, కరువు ఏడాది ఎట్లా గడిచింది, పీర్ల పండుగకు ఊరంతా ఎట్లా కదిలేది.. సగం ఉర్దూ, సగం తెలుగు. కాల్ కట్ అవుతుంది, ఆ మాటలూ పోతాయి. ఇలాంటి ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. ఈ సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఆమెకు గుర్తున్నంత కాలమే ఉంటాయి.

దాచుకుందాం అనుకున్నవాళ్లు సాధారణంగా ఒకటే పని చేస్తారు. ల్యాప్‌టాప్ స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డర్ నొక్కుతారు. తర్వాత వింటే ఫ్యాను చప్పుడు, వంటింట్లో కుక్కర్ విజిల్, వీధిలో బండి హారన్ అన్నీ ఉంటాయి. దాదీ గొంతు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఎందుకిట్లా అవుతుందంటే, కంప్యూటర్ లోపల శబ్దం అంటే అంకెలే. సీడీ నాణ్యతలో అయితే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకెలుగా రాస్తుంది. మనిషి చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది. అందులో పై చివరను కూడా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువసార్లు కొలవాలి, అందుకే ఆ లెక్క. స్పీకర్ ఆ అంకెల్ని గాలిలో కదలికగా మారుస్తుంది. ఫోన్ మైకు ఆ కదలికను మళ్లీ అంకెలుగా మారుస్తుంది. ఈ మధ్యలో గదిలో ఉన్న చప్పుళ్లన్నీ వచ్చి కలుస్తాయి. అంకెలు స్పీకర్‌కు చేరకముందే లోపలే ఒక ప్రతి తీసుకుంటే ఈ గొడవ ఉండదు. ఈ పద్ధతినే లూప్‌బ్యాక్ అంటారు.

దీనికి డబ్బులు పెట్టాల్సిన పని లేదు. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టి, 2000 సంవత్సరంలో జనంలోకి వచ్చింది. అప్పటి నుంచి ఉచితమే. దాని సొంత వెబ్‌సైట్ ఆడాసిటీటీమ్ డాట్ ఆర్గ్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్‌లో ముందు కనిపించే ఏదో ఒక లింక్ నొక్కితే పక్క సరుకు కూడా వెంట వస్తుంది.

విండోస్ కంప్యూటర్‌లో పద్ధతి ఇది. ఆడాసిటీ తెరిస్తే పైన ఆడియో సెటప్ అనే బటన్ ఉంటుంది. అందులో ముందు 'హోస్ట్' చూడండి. మామూలుగా ఎం ఎం ఈ అని ఉంటుంది. దాన్ని విండోస్ వాసాపి అని మార్చాలి (తెర మీద డబ్ల్యూ, ఏ, ఎస్, ఏ, పీ, ఐ అనే ఆరు అక్షరాలు కనిపిస్తాయి). తర్వాత 'రికార్డింగ్ డివైస్' తెరిస్తే మైకు పేరుతో పాటు స్పీకర్ పేరు, దాని పక్కన బ్రాకెట్లో లూప్‌బ్యాక్ అన్న మాట కనిపిస్తాయి. అది ఎంచుకోండి. స్పీకర్ పేరు రికార్డింగ్ జాబితాలో ఎందుకుందా అని కంగారు పడొద్దు, మనకు కావలసింది అదే. ఇక ఎర్ర గుండ్రటి బటన్ నొక్కి కాల్ మొదలుపెట్టడమే.

చాలామంది తడబడేది హెడ్‌ఫోన్స్ దగ్గర. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే శబ్దం స్పీకర్ దారి వదిలి హెడ్‌ఫోన్స్ దారి పడుతుంది. అప్పుడు జాబితాలో హెడ్‌ఫోన్స్ లూప్‌బ్యాక్ ఎంచుకోవాలి. లేకపోతే గంట సేపు మాట్లాడినా ఫైల్‌లో ఏమీ ఉండదు. జాబితాలో అది కనిపించకపోతే, హెడ్‌ఫోన్స్ ముందే పెట్టి ఆడాసిటీని ఒకసారి మూసి తెరవండి.

ఇంకొకటి. ఏ శబ్దమూ ప్లే కానప్పుడు ఈ రికార్డింగ్ ముందుకు కదలదు. ఎర్ర బటన్ నొక్కినా గీత ఆగిపోయి ఉంటే చెడిపోయిందనుకోకండి. అవతలి నుంచి శబ్దం రాగానే కదులుతుంది. 'సాఫ్ట్‌వేర్ ప్లేత్రూ' అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మాత్రం వెంటనే ఆపేయండి. అది రికార్డయిన శబ్దాన్నే మళ్లీ స్పీకర్‌కు పంపుతుంది, దాన్నే మళ్లీ రికార్డు చేస్తుంది, చివరికి ప్రతిధ్వని తప్ప ఏమీ మిగలదు.

లూప్‌బ్యాక్‌కు దాదీ గొంతు ఏదో, వాట్సాప్ టింగ్ ఏదో తెలియదు. కంప్యూటర్‌లోంచి ఏది వస్తే అదంతా కలిపి పట్టుకుంటుంది. కాబట్టి నోటిఫికేషన్లు ఆపి, మిగతా ట్యాబులన్నీ మూసి కూర్చోండి. ముందు అర నిమిషం రికార్డు చేసి విని చూడండి. శబ్దం ఎత్తును చూపే పట్టీ మైనస్ 6 దగ్గర ఉంటే బాగున్నట్టు. సున్నాకు తగిలి ఎర్రబడితే గొంతు పగులుతుంది. అప్పుడు కాల్ యాప్ వాల్యూమ్ కొంచెం తగ్గించాలి.

మనవడు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఇందులో దాదీ మాటే రికార్డవుతుంది, అతని ప్రశ్నలు కావు. అతని గొంతు మైకులోంచి లోపలికి పోతుందే గానీ స్పీకర్‌లోంచి రాదు కదా. నా దృష్టిలో ఇది లోటు కాదు, మనవడు మధ్యమధ్యలో 'ఆఁ.. ఆఁ' అనడం వినే బాధ తప్పుతుంది. ప్రశ్న కూడా కావాలంటే దాదీ పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని ఒకసారి పైకి చెప్తే సరిపోతుంది.

ఇంకా మేలైన దారి ఏమిటంటే, దంతాలపల్లిలో ఆమె పక్కన రెండో ఫోన్ పెట్టి అక్కడే కూడా రికార్డు చేయించడం. నెట్‌లో ప్రయాణించేటప్పుడు కాల్ శబ్దం కుదించుకుపోతుంది. దమ్మామ్‌లో ఎంత శ్రద్ధగా పట్టుకున్నా పోయింది తిరిగి రాదు. రెండూ ఉంటే రెండో ఫోన్‌లోదే అసలు ప్రతి, లూప్‌బ్యాక్‌ది భద్రత కోసం.

ఇదంతా చెప్పకుండా చేయొచ్చా? వద్దు. దాదీకి ముందే చెప్పండి. చెప్తే ఆమె రెండు సంగతులు తక్కువ చెప్పొచ్చు, చెప్పనివ్వండి. ఇంటి మనిషి గుట్టు ఆమె మనకిచ్చిన అమానత్. ఖురాన్‌లో సూరా హుజురాత్ 12వ ఆయత్ ఇతరుల గుట్టు వెతకడాన్ని నిషేధించింది. చట్టం వైపు చూసినా గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. యూఏఈలో ఎదుటివారి అనుమతి లేకుండా సంభాషణ రికార్డు చేయడం నేరం. అక్కడి కఫీల్‌తోనో, మేనేజర్‌తోనో జరిగిన కాల్‌ను ఈ పద్ధతిలో రహస్యంగా పట్టుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ముందు వకీలును అడగండి.

కాల్స్ కాకుండా దీనికి బాగా పనికొచ్చే చోటు లైవ్ రేడియో. నిజాం కాలంలో 1935లో ప్రసారాలు మొదలుపెట్టిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆనాడు ఇంట్లో విన్నవాళ్లకు నచ్చింది దాచుకునే దారి లేదు. ఇప్పుడు ఆకాశవాణి ఇంటర్నెట్‌లో కూడా వినిపిస్తోంది. హైదరాబాద్ కేంద్రం ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్'లో ఒక ముషాయిరా నచ్చితే, ఆ సమయానికి ఆడాసిటీలో 'టైమర్ రికార్డ్' పెట్టుకోండి. స్ట్రీమ్ నడుస్తుంటే చెప్పిన వేళకు తనే మొదలై తనే ఆగుతుంది. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా మాత్రం సెట్ చేసుకోవాలి.

డౌన్‌లోడ్ దొరికే వాటికి ఈ శ్రమ పెట్టకండి. ఖిరాఅత్ ఎంపీ3లు, బయాన్లు చాలా సైట్లు నేరుగా ఇస్తున్నాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను కూడా కంప్యూటర్‌లో ఫైల్‌గా దించుకోవచ్చు. అది అసలు ఫైల్, మన రికార్డింగ్ దాని నకలు. ఇక ఇతరుల కళ సంగతి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి, అధ్యయనానికి న్యాయమైన వెసులుబాటు ఇస్తుంది. షేక్ నాజర్ గారి బుర్రకథ ముక్కను నేర్చుకోవడానికి ఇంట్లో పెట్టుకోవడం వేరు, దాన్ని మన చానల్లో ఎక్కించి పైసలు చూసుకోవడం వేరు.

విండోస్ పాతదై లూప్‌బ్యాక్ కుదరకపోతే సౌండ్ సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ట్యాబ్‌కు పోయి, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, ఆపి ఉంచిన డివైస్‌లు చూపించమనండి. కొన్ని కంప్యూటర్లలో 'స్టీరియో మిక్స్' బయటపడుతుంది, అదీ ఇదే పని చేస్తుంది. మ్యాక్‌లో అయితే బ్లాక్‌హోల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకోవాలి. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆండ్రాయిడ్ 10 నుంచి స్క్రీన్ రికార్డర్‌తో లోపలి శబ్దం పట్టుకునే వీలుంది. కానీ కాల్స్‌లోని మాటను అది పట్టుకోనివ్వదు.

రికార్డింగ్ అయ్యాక 'సేవ్ ప్రాజెక్ట్' నొక్కి ఊరుకుంటే వచ్చే ఫైల్ ఆడాసిటీలోనే తెరుచుకుంటుంది. అక్కడికి పంపితే ఎవరి ఫోన్లోనూ వినిపించదు. ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్' చేయాలి. రెండు రకాలుగా చేయండి. ఒకటి వేవ్, ఇది ఏమీ కుదించదు. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, గంటకు 600 ఎంబీ పైనే అవుతుంది. మాట ఒక్కటే కాబట్టి మోనో చేస్తే సగానికి వస్తుంది. రెండోది ఎంపీ3, 128 కేబీపీఎస్‌లో గంటకు 60 ఎంబీ లోపే. చుట్టాలకు పంపడానికి ఇది చాలు. ఫ్యాను హోరు తగ్గించాలనిపిస్తే 'నాయిస్ రిడక్షన్' ఉంది: హోరు ఒక్కటే వినిపించే రెండు సెకన్లు ఎంచుకుని నమూనా ఇచ్చి, తర్వాత మొత్తం మీద నడపాలి. ఎక్కువ నడిపితే దాదీ నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకే వేవ్ ప్రతిని ముట్టుకోకుండా, ఎంపీ3కి ముందు ఇంకో ప్రతి మీదే ఈ ప్రయోగాలు చేయండి.

ఫైల్‌కు 'ఆడియో 1' అని పేరు పెట్టకండి. మాట్లాడింది ఎవరు, ఏ తేదీన, ఏ ఊరి గురించి అన్నది పేరులోనే ఉండాలి. దాదీ తన ఊరు వరంగల్ జిల్లా అనే అంటుంది. 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడిందని ఇరవై ఏళ్ల తర్వాత వినే పిల్లకు తట్టకపోవచ్చు, రెండు పేర్లూ రాసి పెట్టండి. వేవ్ ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఊళ్లోని ఇంట్లో, ఇంకోటి గల్ఫ్‌లో ఉన్నవాళ్ల దగ్గర, మూడోది గూగుల్ డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను ఏడాదికొకసారి తెరిచి, ఫైల్ ప్లే అవుతోందో లేదో చూస్తుండాలి.