కంచె మీది తీగలు: ఏది మేత, ఏది విషం?

తొలకరి పడిన నెల రోజులకు మన ఊళ్ళలో కంచెలన్నీ తీగలతో నిండిపోతాయి. పచ్చిమేతకు కొడవలి పట్టుకుని వెళ్ళినవారు గడ్డితో పాటు కంచె మీది తీగను కూడా కోసి మోపులో కట్టడం మామూలే. సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు అటువంటి మోపులను మేము తరచు చూస్తుంటాము. వాటిలో గేదె ఇష్టంగా తినే తీగా ఉంటుంది, ప్రాణం తీసే తీగా ఉంటుంది. కోసి కట్టిన తరువాత రెండూ ఒకే తీరుగా పచ్చగా కనిపిస్తాయి. పాడి గేదె పోతే పాల బిల్లు ఆగిపోతుంది గాని, గేదె మీద తెచ్చిన అప్పు ఆగదు. కనుక తీగను కోయకముందే గుర్తుపట్టడం సభ్యులందరికీ అవసరం.

మన నేలలో పుట్టిన తీగ మంచిదనీ, బయటి దేశం నుండి వచ్చినది చెడ్డదనీ కొందరి నమ్మకం. ఇది సరి కాదు. రెండు రకాలలోనూ మంచివి ఉన్నాయి, చెడ్డవి ఉన్నాయి. పుట్టిన చోటును బట్టి కాక, గుర్తులను బట్టి తేల్చుకోవాలి.

చూడవలసిన నాలుగు గుర్తులు

1. ఆకు గిల్లితే పాలు వస్తున్నాయా?
2. కణుపుకు ఒక్క ఆకు ఉన్నదా, ఎదురెదురుగా రెండు ఉన్నాయా?
3. నులితీగలతో పట్టుకుని పాకుతున్నదా, కాడే చుట్టుకుంటున్నదా?
4. కాయ, గింజ ఎట్లా ఉన్నాయి?

మన నేల తీగలు

తిప్పతీగ అందరికీ తెలిసినదే. ఆకు హృదయాకారంగా ఉంటుంది. కణుపుకు ఒక్కటే ఆకు. ముదురు కాడ మీద పలుచని తొక్క కాగితంలా లేస్తుంది, గోకితే లోపల ఆకుపచ్చగా ఉంటుంది. పైనుండి దారాల వంటి ఊడలు వేలాడతాయి. పండ్లు ఎర్రన. దీనిలో పాలు ఉండవు.

దీనిని పోలినదే దుష్టపుతీగ. దీని ఆకు కూడా హృదయాకారమే గాని, కణుపుకు రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. గిల్లితే తెల్లని పాలు కారతాయి, నలిపితే చెడు వాసన వస్తుంది. మెత్తని ముళ్ళున్న కాయలు జంటగా కాస్తాయి. జిల్లేడు కుటుంబానికి చెందిన ఈ తీగ పాలలో గుండెకు హాని చేసే పదార్థాలున్నాయి. తిప్పతీగ అనుకుని దీనిని కోసే ప్రమాదం ఉంది.

దూసరతీగ ఆకు నూగుతో మెత్తగా ఉంటుంది. ఆకు పసరు నీటిలో కలిపి ఉంచితే జున్నులా గడ్డ కడుతుంది. ఇంత తేలికైన పరీక్ష మరొక తీగకు లేదు. కాకిదొండకు నులితీగలు, తెల్లని పూలు, ఎర్రని పండ్లు ఉంటాయి. ఈ రెండింటి వల్ల భయం లేదు.

గురివింద మాత్రం మన నేలదే అయినా ప్రాణాంతకం. ఆకు చింతాకును పోలి ఉంటుంది. చిట్టి ఆకులు జతలు జతలుగా ఉండి, చివర ఒంటి ఆకు ఉండదు. శంఖపుష్పం తీగకు ఐదు లేక ఏడు పెద్ద ఆకులుండి, చివర ఒంటి ఆకు ఉంటుంది. అది మంచి మేత. గురివింద గింజలోని అబ్రిన్ అనే విషం గింజ నలిగినపుడు బయటపడుతుంది. పూర్వం తోళ్ళ కోసం ఈ గింజల ముద్దతో సూదులు చేసి పశువులకు గుచ్చి చంపేవారు. కాయలున్న గురివింద తీగ మోపులోకి రానే కూడదు.

అడవినాభికి ఆకు కొనే నులితీగగా చుట్టుకుపోతుంది. వానాకాలంలో అగ్నిజ్వాలల వంటి ఎరుపు, పసుపు పూలు పూస్తాయి. మొక్క అంతటా విషమే, దుంపలో మరీ ఎక్కువ. చేను దున్నినపుడు బయటపడిన దుంపలను ఏరి లోతుగా పాతిపెట్టాలి.

బయటి నుండి వచ్చినవి

అమెరికా ఖండాల మొక్కలు 1492 తరువాత ఓడల మీద ఇతర దేశాలకు చేరాయి. తెల్లజుమికి అటువంటిదే. మూడు చీలికల ఆకు, నులితీగలు, నలిపితే దుర్వాసన, వలవంటి తొడుగులో కాయ దీని గుర్తులు. ఆకులోనూ పచ్చికాయలోనూ సయనైడు విడుదల చేసే పదార్థం ఉంది. మేపరాదు.

తెలంగాణలో లొట్టపీసు అనీ, కోస్తాలో తూటికాడ అనీ పిలిచే మొక్క సిసలైన తీగ కాదు గాని, కాలువ గట్లన్నీ ఆక్రమించింది. పొడవాటి హృదయాకారపు ఆకు, గరాటు వంటి లేత ఊదా పూలు, గిల్లితే పాలు. ఇది చిలగడదుంపకు చుట్టమే. చిలగడదుంప తీగ మేతే గాని ఇది విషం. ఎండాకాలంలో మిగతావి ఎండినా ఇది పచ్చగా ఉండటం వల్ల ఆకలిగొన్న పశువులు, ముఖ్యంగా మేకలు, దీనికి అలవాటు పడతాయి. కొన్ని వారాలకు వణుకు, తూలడం, చిక్కిపోవడం కనిపిస్తాయి. దీనిని కంచెగా నాటవద్దు.

లూసర్నులో, మినుములో పడే బంగారుతీగకు ఆకు లేదు, నేలలో వేరు లేదు. పసుపు దారాలలా పైరును చుట్టి రసం పీలుస్తుంది. చెట్ల మీద లావుగా అల్లుకునే రకం మనదే. పైరు మీది సన్నని రకం ఉత్తర అమెరికా నుండి వచ్చింది. ఇది విత్తనంతో పాటు చేలోకి వస్తుంది గనుక ధృవీకరించిన లూసర్ను విత్తనమే కొనాలి. కనిపించిన చోట పూత రాకముందే పైరుతో సహా కోసి కాల్చాలి. దాని గింజ పశువు కడుపులో చావక పేడతో తిరిగి చేలోకి చేరుతుంది.

సిరాట్రో కూడా బయటిదే. మెక్సికో మొక్కల నుండి ఆస్ట్రేలియాలో తయారుచేసి 1960లో విడుదల చేశారు. మూడాకులు, ముదురు ఊదా ఎరుపు పూలు, సన్నని కాయలు. ఇది పశువులు తినే మంచి పప్పుజాతి మేత. దీనిని పీకనవసరం లేదు.

సభ్యులకు సూచనలు

పేరు తెలియని తీగను మోపులో కలపవద్దు. కంచె మీది తీగ గిల్లితే పాలు వచ్చినా, చెడు వాసన వచ్చినా వదిలివేయాలి. ఈ రెండూ లేకపోయినంత మాత్రాన మంచిదని అనుకోరాదు. గురివింద గిల్లితే పాలు రావు. మేత తిన్న పశువు తూలినా, నురుగు కక్కినా, రక్తంతో పారినా నాటు వైద్యంతో పొద్దు పుచ్చక పశువైద్యునికి కబురు చేయాలి. అది తిన్న తీగ కొమ్మను ఆకు, కాయతో సహా చూపాలి. ఏ విషమో తెలిస్తే వైద్యం త్వరగా సాగుతుంది.

గురివింద, అడవినాభి, దుష్టపుతీగ, తెల్లజుమికి, లొట్టపీసు కొమ్మలను ఎండబెట్టి, అట్టకు కుట్టి, కింద పేర్లు రాసి పాల సేకరణ కేంద్రంలో వేలాడదీయవలసినదిగా సంఘ కార్యదర్శులను కోరుతున్నాము. మేత కోసేది ఎక్కువగా ఆడవారే గనుక, ఉదయం పాలు పోయడానికి వచ్చినపుడు వారికి ఒక్కొక్కటీ చూపి చెప్పండి.