పొదిగే పెట్టె శుభ్రం – ఇంటిల్లిపాదికీ క్షేమం



పోయిన చలికాలంలో ఒక రాత్రి తొమ్మిది దాటాక జగిత్యాల వైపు నుండి ఒక తల్లి మూడేళ్ల పాపను భుజాన వేసుకొని మా వార్డుకు వచ్చింది. పాపకు రెండు రోజులుగా జ్వరం, విరేచనాలు. అందులో కొంచెం రక్తం. కళ్లు లోపలికి పోయాయి, నోరు ఎండిపోయింది, మధ్యాహ్నం నుండి మూత్రం లేదు. వెంటనే సెలైన్ పెట్టాము. మలపరీక్షలో సాల్మొనెల్లా అనే క్రిమి కనిపించింది.

మూడో రోజు పాప కోలుకొని బిస్కెట్ అడిగిన తరువాత, తల్లితో నెమ్మదిగా మాట్లాడాను. ఏమి తిన్నారు, ఏ నీళ్లు తాగారు అని అడుగుతుంటే మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆ ఇంట్లో నాటుకోడి గుడ్లను పొదిగించే చిన్న ఇంక్యుబేటర్ ఉన్నది.

"వాకిట్ల పిల్లులు తిరుగుతయని వంటింట్ల పెట్టినం సిస్టరమ్మా. పిల్లలు లేసినంక మా పాపనే వాటిని ఒళ్లో పెట్టుకొని ముద్దులు పెట్టుకుంటది. ట్రేలు గిన్నెలు తోమే కాడనే కడుగుత" అన్నది. ఆ తరువాత నా ముఖంలోకి చూసి, "మరి మిషిను అమ్మేయాల్నా? సంఘంల అప్పు తీసి కొన్నం. ఇంకా ఆరు కిస్తీలున్నయి" అని అడిగింది.

"అమ్మనక్కర లేదు బిడ్డా. వాడే పద్ధతి మార్చుకుంటే చాలు" అన్నాను. ఆమెకు చెప్పిన మాటలనే మీకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇటువంటి పెట్టెలు కనబడుతున్నాయి.

కోడిపిల్లల పెట్టె నుండి పసిపాపల పెట్టె

నెలలు నిండని శిశువులను ఉంచే ఇంక్యుబేటర్‌కు మూలం కోడిపిల్లల ఇంక్యుబేటరే. 1878లో పారిస్‌లో స్టెఫాన్ టార్నియే అనే ప్రసూతి వైద్యుడు అక్కడి జంతు ప్రదర్శనశాలలో గుడ్లు పొదిగే పెట్టెను చూశాడు. పసివాళ్లకు కూడా ఇలాంటిది ఉంటే బాగుండునని తలచి, ఆ పెట్టెను చేసిన వ్యక్తి చేతనే ఒకటి చేయించి ప్రసూతి ఆసుపత్రిలో పెట్టించాడు. అందుచేత శిశువుల వార్డులో మేము పాటించే మూడు సూత్రాలు, అనగా సరైన వేడి, సరైన తేమ, శుభ్రత, మీ ఇంటి పెట్టెకు కూడా వర్తిస్తాయి.

ఎటువంటి గుడ్లు పెట్టాలి?

దుకాణంలో అమ్మే ఫారం గుడ్లలో పిల్లలు రావు. ఆ పెట్టలు పుంజు లేకుండానే గుడ్లు పెడతాయి. పది పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉన్న మంద నుండి గుడ్లు తీసుకోండి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వారి వనరాజా, గ్రామప్రియ కోళ్లు సంకర రకాలు. వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే వచ్చే పిల్లల్లో తల్లి గుణాలన్నీ ఉండవు. కనుక ఆ రకాలు కావాలంటే పిల్లలనే కొనుక్కోవాలి. ఇంటి పొదుగుకు మన నాటుకోడే మేలు.

గుడ్డు పెట్టి వారం దాటకూడదు. పగిలినవి, బీటలు పడినవి, రెట్ట అంటినవి పెట్టవద్దు. మురికి గుడ్డును చన్నీళ్లతో కడగడం ఇంకా చెడ్డ పని. గుడ్డు పెంకుకు వేల సంఖ్యలో సన్నని రంధ్రాలు ఉంటాయి. చల్లని నీరు తగిలితే లోపలి పదార్థం కుంచించుకుపోయి, పైనున్న మురికిని, క్రిములను ఆ రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది. గుడ్లు పెట్టే గంపలో గడ్డిని తరచుగా మార్చితే గుడ్లు శుభ్రంగానే వస్తాయి.

21 రోజుల లెక్క

1. గుడ్లు పెట్టకముందు పెట్టెను ఒక రోజంతా ఖాళీగా నడిపి, వేడి నిలకడగా ఉన్నదో లేదో చూడండి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుండి 37.8 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫ్యాను లేని పెట్టెలో గుడ్ల పైభాగం ఎత్తున సుమారు 38.5 డిగ్రీలు ఉండాలి. పెట్టె మీద కనిపించే అంకెనే నమ్మక, లోపల ఇంకొక థర్మామీటరు ఉంచి సరిచూడండి. పాదరసం ఉన్న గాజు థర్మామీటరు మాత్రం పెట్టవద్దు. పగిలితే ఆ పాదరసం విషం.

2. మొదటి 18 రోజులు తేమ 50 నుండి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుండి 70 శాతం ఉండాలి. నీళ్ల గిన్నెలో కాచి చల్లార్చిన నీరు పోయండి. నిలవ నీటిలో బూజు, క్రిములు పెరుగుతాయి.

3. పెట్ట తన ముక్కుతో గుడ్లను తిప్పుతూ ఉంటుంది. ఆ పని మనం చేయాలి. రోజుకు కనీసం మూడు సార్లు తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. తిప్పే ముందు, తిప్పిన తరువాత చేతులు సబ్బుతో కడగాలి.

4. ఏడవ రోజున చీకటిలో టార్చిలైటు వెలుగుకు గుడ్డును అడ్డం పెట్టి చూడండి. ఎర్రని నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల పెరుగుతున్నది. ఏమీ లేకుండా తేటగా ఉన్న గుడ్డును తీసేయండి. 14వ రోజున మళ్లీ చూడండి. వాసన వచ్చే గుడ్డు, తడి చెమ్మ కారే గుడ్డు వెంటనే తీసేయాలి. అది పెట్టెలో పగిలితే మిగిలిన గుడ్లన్నిటికీ క్రిములు అంటుతాయి.

5. 18వ రోజు నుండి తిప్పడం ఆపి, మూత తెరవకండి. పెంకుకు చిల్లు పడిన తరువాత పిల్ల బయటకు రావడానికి 12 నుండి 24 గంటలు పట్టవచ్చును. తొందరపడి పెంకు ఒలిస్తే నరాలు తెగి రక్తం పోతుంది. కడుపులో ఇంకిన పచ్చసొన పిల్లను రెండు రోజుల వరకు పోషిస్తుంది. కనుక ఈకలు ఆరేదాకా లోపలే ఉంచవచ్చును.

మన ఎండలు, మన కరెంటు

ఈ పెట్టెల్లో వేడి చేసే సాధనం ఉంటుంది గాని చల్లార్చే సాధనం ఉండదు. రామగుండం, మంచిర్యాల ప్రాంతాల్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల ఇంట్లో పెట్టిన పెట్టెలో గుడ్లు బల్బు వెలగకుండానే ఉడికిపోతాయి. కనుక ఎండాకాలం మానుకొని, వానలు పడ్డాక గాని చలికాలంలో గాని పొదిగించండి. ఆదిలాబాద్ చలిలో పెట్టెను గాలి తగలని గదిలో, నేల మీద కాకుండా బల్ల మీద ఉంచండి.

కరెంటు పోతే మూత తెరవకుండా పైన దుప్పటి కప్పండి. గాలి రంధ్రాలు మాత్రం మూయవద్దు. రెండు మూడు గంటలు పోయినా సాధారణంగా గుడ్లు తట్టుకుంటాయి.

పెట్టెను శుభ్రం చేసే విధానం

ప్రతి పొదుగు తరువాత తప్పక చేయాలి. వార్డులో మేము నర్సింగ్ విద్యార్థులకు మొదట నేర్పే పాఠం ఒకటున్నది. మురికి పోనిదే మందు పనిచేయదు. రెట్ట, నూగు, పెంకు ముక్కల మీద బ్లీచింగ్ పోస్తే ఆ మురికే మందును మింగేస్తుంది.

– ముందుగా ప్లగ్గు తీసి, పెట్టె చల్లారనివ్వండి. పనిని వంటింట్లో గాని, గిన్నెలు తోమే చోట గాని చేయక, బయట చేయండి. ముక్కు, నోటికి గుడ్డ కట్టుకోండి, గ్లవ్స్ వేసుకోండి.

– నూగు మీద నీళ్లు చిలకరించి తడి గుడ్డతో ఎత్తండి. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెంకులు, పొదగని గుడ్లు లోతుగా గుంట తీసి పూడ్చండి. కుక్కలకు వేయకండి.

– ట్రేలు, నీళ్ల గిన్నె సబ్బు, గోరువెచ్చని నీటితో బ్రష్ పెట్టి రుద్ది కడగండి. ఈ బ్రష్ వేరే పనికి వాడరాదు.

– తరువాత ఒక లీటరు నీటిలో 20 మి.లీ. బ్లీచ్ ద్రావణం (5 శాతం గలది) కలిపి, ట్రేలను పది నిమిషాలు నాననివ్వండి. పెట్టె లోపలి గోడలను అదే నీటితో తుడవండి. పది నిమిషాల తరువాత మంచి నీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరనివ్వండి.

– ఫ్యాను, బల్బు, వైర్లకు నీళ్లు తగలరాదు. పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతనే ప్లగ్గు పెట్టండి. థర్మకోల్ పెట్టె గీతలు పడి, ముక్కలు ఊడితే మార్చివేయండి. ఆ సందుల్లోని క్రిములు ఎంత కడిగినా పోవు.

రెండు హెచ్చరికలు. బ్లీచింగ్‌లో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కలపరాదు. కలిపితే వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణం తీయగలదు. అలాగే పెద్ద హేచరీల వాళ్లను చూసి ఫార్మలిన్, పర్మాంగనేట్ కలిపి పొగ పెట్టడం ఇంట్లో చేయరాదు. ఆ వాయువు కళ్లను, ఊపిరితిత్తులను కాల్చుతుంది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే

సాల్మొనెల్లా ఉన్న కోడిపిల్ల చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. పైకి రోగం కనబడదు. అయిదేళ్లలోపు పిల్లలకు, గర్భవతులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. అయిదేళ్లలోపు పిల్లల చేతికి కోడిపిల్లలను ఇవ్వకండి. దూరం నుండి చూపించండి. పెద్ద పిల్లలైనా ముట్టుకున్న వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. ముద్దులు వద్దు. పెట్టెను గాని, కోడిపిల్లలను గాని వంటింట్లో, పడకగదిలో ఉంచవద్దు.

కోళ్లు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చనిపోతే చేతులతో ముట్టక, కోసుకొని తినక, పశువైద్యశాలకు తెలియజేయండి. బర్డ్ ఫ్లూ మన దేశపు కోళ్లలో 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదట బయటపడింది. 2015లో హైదరాబాద్ పక్కన హయత్‌నగర్ ప్రాంతానికీ వచ్చింది. కొక్కెర రోగానికి టీకా మొదటి వారంలోనే వేయించండి.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. పిల్లలకు జింకు మాత్రలు డాక్టరు చెప్పిన ప్రకారం ఇవ్వండి. దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేయవద్దు. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మగత, మూత్రం రాకపోవడం, తాగినదంతా కక్కడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. ఇంట్లో కోడిపిల్లలు ఉన్నాయని డాక్టరుకు తప్పక చెప్పండి.

ఆ తల్లి సంక్రాంతి తరువాత పాపను చూపించడానికి మళ్లీ వచ్చింది. పెట్టె ఇప్పుడు వెనుక వసారాలో, తలుపు ఉన్న చిన్న గదిలో ఉన్నదట. తలుపు పక్కనే సబ్బు, నీళ్ల బకెట్టు. "ఈ సారి నలభైలో ముప్పై ఒకటి లేసినయి సిస్టరమ్మా. రెండు కిస్తీలు కట్టిన" అన్నది. పాప నా వైపు రెండు అరచేతులు చాపి, "కడుక్కున్న" అని చూపించింది.

మీ ఇంట్లో పెట్టె ఉంటే, ఈ రోజే అది ఏ గదిలో ఉన్నదో ఒకసారి చూసుకోండి.