ఊకొట్టే యంత్రం

యానాంలో గుట్టు దాగడం కష్టం. ఊరంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం 55 వేల పైచిలుకు జనం. ఆసుపత్రి మెట్లెక్కితే "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అనేవాళ్లు ఇద్దరైనా ఎదురవుతారు. జ్వరమైతే చెప్పేయొచ్చు. "మనసు బాగోలేదండి" అని ఎలా చెప్పడం? ఆ మాట అర్ధరాత్రి సెల్‌ఫోన్‌లో చాట్‌బాట్‌కి చెప్పుకోవడం తేలిక. అది నిద్రపోదు, విసుక్కోదు, "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అనదు. ఊ కొడుతుంది.

ఊకొట్టడం యంత్రానికి కొత్తేమీ కాదు. 1966లో అమెరికాలోని ఎమ్ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలీజా' అనే ప్రోగ్రామును ప్రకటించాడు. 'అమ్మ' అన్న మాట కనబడితే చాలు, "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అనేది. దానికి అర్థమైంది ఏమీ లేదు. అయినా, అది ప్రోగ్రామని తెలిసిన ఆయన సెక్రటరీయే, తాను దానితో మాట్లాడుతూ ఆయనను కాసేపు గదిలోంచి వెళ్లమంది. వినే చెవి కోసం మనిషి ఎంత అల్లాడతాడో ఆయనకు అప్పుడు తెలిసింది. తర్వాత ఆయనే ఇలాంటి యంత్రాలపై గట్టి విమర్శకుడయ్యాడు.

నేటి బాట్లలో కొన్ని, ఆలోచనను పరీక్షించుకునే పద్ధతిని నేర్పుతాయి. ఇంటర్‌లో ఒక పేపరు పోయిన కుర్రాడు "నేను దేనికీ పనికిరాను" అని టైపు చేశాడనుకుందాం. "పేపరు పోవడం జరిగిన సంగతి. 'దేనికీ' అన్నది మీరు చేర్చిన మాట. పాసైన పేపర్ల సంగతేమిటి?" అని అడుగుతుంది. మానసిక వైద్యులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పద్ధతే ఇది.

ఫలితం ఉందా? కొంత ఉంది. 2017లో 'వోబాట్' అనే బాట్‌ను 70 మంది యువతీయువకులపై పరీక్షించారు. రెండు వారాల తర్వాత, పుస్తకం మాత్రమే ఇచ్చినవాళ్ల కంటే బాట్ వాడినవాళ్లలో దిగులు తగ్గింది. 2025లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు 210 మందితో చేసిన 'థెరాబాట్' పరీక్షలో, బాట్ వాడిన డిప్రెషన్ బాధితుల లక్షణాలు సగటున 51 శాతం తగ్గాయి. కానీ ఆ పరీక్షలో బాట్ రాసే జవాబులపై మనుషులు కాపలా ఉన్నారు. మన ఫోన్లోని మామూలు చాట్‌బాట్‌కి ఆ కాపలా లేదు.

చిక్కు ఇక్కడే. ఇప్పటి చాట్‌బాట్ల వెనకున్న భాషా నమూనాలు ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాస్తాయి. మనకు నచ్చే జవాబులిచ్చేలా వాటికి తర్ఫీదిస్తారు. అందుకని తప్పుడు ఆలోచనకూ ఊ కొట్టేస్తాయి. 2023లో అమెరికాలో తిండి సంబంధిత మానసిక రుగ్మతలున్నవారి కోసం పెట్టిన 'టెస్సా' అనే బాట్, వాళ్లకే బరువు తగ్గే చిట్కాలు చెప్పింది. దాన్ని వెంటనే తీసేశారు.

తెలుగుతో ఇంకో తిరకాసు. మన దిగులు ఒంటిమీదుగా పలుకుతుంది: గుండెల్లో గుబులు, కాలూ చెయ్యీ ఆడకపోవడం. "ఇక నా వల్ల కాదు" అన్న మాట వంటింట్లో అంట్లు తోముతూ అనేదీ, బతుకు మీద విరక్తితో అనేదీ అదే. అమ్మకు ఆ తేడా గొంతులో తెలుస్తుంది. ఎక్కువగా ఇంగ్లీషు రాతలు చదివి పెరిగిన యంత్రానికి కనిపించేవి అక్షరాలే.

మరి మానెయ్యాలా? అక్కర్లేదు. మనసులోది బయటపెట్టడానికి, రేపు డాక్టరుకు ఏం చెప్పాలో రాసుకోవడానికి వాడుకోవచ్చు. పేరు, ఊరు, ఇంటి గుట్టు మాత్రం రాయకండి, అవి ఎక్కడో కంపెనీ కంప్యూటర్లలో చేరతాయి. మందులు మార్చడం, మానడం దాన్ని అడగకండి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఫోనులో టైపు చేయడం ఆపి, అదే ఫోనుతో 14416కు కాల్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, రేయింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. గోదావరి మీది బాలయోగి వారధికి ఇటు పుదుచ్చేరి కిందున్న యానాం, అటు ఆంధ్రప్రదేశ్‌లోని ఎదుర్లంక. పాలన వేరైనా నంబరు ఒక్కటే. పక్కనున్న మనిషినీ లేపండి. ఊకొట్టడానికి యంత్రం చాలు, చెయ్యి పట్టుకోవడానికి మనిషే కావాలి.