చేతులు మారు ఫోను

శేరిలింగంపల్లి మండలమున, హైదరాబాదు విశ్వవిద్యాలయపు బండరాతి గుట్టల పొరుగున, తన పేర నొక చెరువును గలిగి, నిన్నమొన్నటిదాక పొలముల నడుమ మెలగిన పల్లెయగు నల్లగండ్ల, నేడు అంతస్తులపై అంతస్తులుగా లేచిన గృహసముదాయములతో నిండి, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మాదాపురముల యందలి సాఫ్ట్‌వేరు కార్యాలయములకు ఉదయమున జనమును పంపి రాత్రికి మరల చేర్చుకొను నివాసభూమి యైనది. ఇచ్చటి యిండ్లలో క్రొత్త ఫోను వచ్చుట విశేషము కాదు. రెండు మూడేండ్లు గడచునప్పటికే చేతిలోనిది నెమ్మదించినట్లు తోచును, మరియొకటి పార్సిలుగా గడపకు వచ్చును. అప్పుడా పాత ఫోను కొక ప్రయాణ మారంభమగును. కొన్ని ఎక్స్‌చేంజి క్రింద వచ్చినవాని సంచిలో పడిపోవును. కొన్ని ఇంట పాచిపని చేయు నామెకో, వాచ్‌మన్ కుమారునికో దానముగా పోవును. కొన్ని పండుగకు ఊరికి పోవునప్పుడు అమ్మ చేతికి చేరును. తక్కినవి బీరువా సొరుగులో బ్యాటరీ ఉబ్బునంతవరకు నిద్రించును.

ఆ ప్రయాణమునకు ముందు జరుగవలసిన పని యొకటి కలదు. ఫ్యాక్టరీ రీసెట్ అని దాని పేరు. రీసెట్ కొట్టుట యని వాడుక. మీట నొక్కినంతనే ముగియు రెండు నిమిషముల పనిగా దానిని తలచుటయే దాని వలన గలుగు చిక్కు లన్నిటికిని మూలమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయనగా, ఆ యొక్క మీటయందు ఇచ్చువాని గతమును, పుచ్చుకొనువాని భవిష్యత్తును రెండును ముడిపడి యున్నవి. ఒకరిది సురక్షితముగా తొలగినగాని వేరొకరిది సక్రమముగా మొదలుకాదు.

నల్లగండ్ల రహదారి ప్రక్కనున్న ఒక చిన్న మొబైలు దుకాణములో నే నొక సాయంకాలమున చూచిన సంగతి దీనికి సాక్ష్యము. నడివయసు స్త్రీ యొకతె కొంగు ముడి విప్పి, పాలిథీన్ కవరులో చుట్టిన ఫోనును బల్లపై నుంచెను. తెరకు గీతయైనను లేదు. ఖరీదైన వస్తువని చూచినంతనే తెలియుచున్నది.

“అన్నా, మా మేడం ఇచ్చింది. అంత సాఫ్ జేసే ఇచ్చిన అన్నది. ఇగ చూడు, ముందుకు పోతనే లేదు.”

దుకాణపు యువకుడు దానిని వైఫైకి కలిపి, రెండు తెరలు దాటించి, మూడవ తెర వద్ద ఆగెను. ఈ ఫోను రీసెట్ చేయబడినది, ఇంతకుముందు దీనిలో నున్న గూగుల్ ఖాతాతోగాని పాత పిన్‌తోగాని నిర్ధారింపవలెనని ఇంగ్లీషున అది తెలుపుచుండెను.

“ఎఫ్‌ఆర్‌పీ లాక్ పడ్డది అక్కా. మేడం మెయిలు, పాస్‌వర్డ్ గావాలె. అవి లేకుంటె నేనేం జెయ్యలేను.”

“మేడం అమెరికా పోయె గదన్నా!”

జరిగిన దేమో ఊహించుట కష్టము కాదు. ఆ యిల్లాలు మంచి మనసుతోనే ఇచ్చినది, తుడిచియే ఇచ్చినది. కాని సెట్టింగ్స్ లోనికి పోయి ఖాతాను తొలగించి పిమ్మట తుడువక, ఫోను నాపి, పవర్ మీటను వాల్యూము మీటతో కలిపి నొక్కిపట్టి, రికవరీ తెరనుండి తుడిచియుండును. లోపలి సమాచారము పోయినది. ఖాతా ముద్ర మాత్రము నిలిచినది.

ఈ ముద్రను కల్పించినవారి ఉద్దేశము సాధువైనదే. తాళము పడిన ఫోనును సైతము మీటలు నొక్కి తుడిచి క్రొత్తదానివలె అమ్ముట దొంగలకు సులభముగా నుండిన దినములలో, 2015 మార్చిలో వెలువడిన ఆండ్రాయిడ్ 5.1 తో గూగుల్ వారు ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) అను ఈ రక్షణను ప్రవేశపెట్టిరి. యజమాని అనుమతి లేకుండ తుడువబడిన ఫోను ఆ యజమాని ఖాతానో తెరతాళమునో అడుగక కదలదు. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 దీనిని మరింత బిగించినది: ప్రారంభపు తెరలను ఏదో యుపాయమున దాటినను, ఆ రక్షణ తొలగిపోదు. దొంగకు పడవలసిన ఈ సంకెల దానము పుచ్చుకొన్న పేదరాలికి పడుటయే నన్ను బాధించిన విషయము. యంత్రమునకు దొంగ యెవరో గ్రహీత యెవరో తెలియదు. ఆ భేదమును తెలుపగలవాడు ఇచ్చువాడొక్కడే.

చౌర్యము మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. రీసెట్ వలన ఫోనులోని సమస్తమును మారునని పలువురి నమ్మిక. మారదు. ఫోనునకు గుర్తింపగు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య, *#06# అని నొక్కినంతనే తెరపై కనబడునది, ఎన్నిమార్లు తుడిచినను అట్లే యుండును. 2023 మే 17న దేశమంతటికి విస్తరింపబడిన, టెలికాం శాఖవారి సంచార్ సాథీ లోని సీఈఐఆర్ వ్యవస్థ ఆధారపడినది ఈ సంఖ్యపైననే. పోయిన ఫోను సంఖ్యను అందు నమోదు చేసి నిలిపివేసినచో, ఏ సిమ్ వేసినను అది దేశమున పనిచేయదు, వేయబూనిన జాడ పోలీసులకు చేరును. సైబరాబాదు పోలీసులు అప్పుడప్పుడు బల్లలపై వందల ఫోనులను పరచి యజమానులకు పిలిచి యిచ్చు దృశ్యమును వార్తలలో మనము చూచుచునే యున్నాము. పోగొట్టుకొన్నవారు కలవరములో దూరమునుండియే ఫోనును తుడిచివేయ తొందరపడుదురు. తుడిచిన పిదప గూగుల్ దాని యునికిని చూపజాలదు. అందుచేత మొదట యునికిని గుర్తించి, ఆ పిమ్మట తుడిచి, సంఖ్యను నిలిపివేయించుట మేలు.

ఇక ఇచ్చువాని పక్షము. తుడిచితి మనుకొన్నది నిజముగా తుడువబడినదా? ఈ సందేహమునకు చరిత్ర కలదు. 2014లో అవాస్ట్ అను భద్రతాసంస్థ ఈబే అంగడిలో 20 వాడిన ఫోనులను కొని, వాని యజమానులు చెరిపితిమని నమ్మి అమ్మినవానిలోనుండి 40,000లకు పైగా ఛాయాచిత్రములను వెలికితీసినది. వానిలో 1,500లకు పైగా కుటుంబములలోని పిల్లల చిత్రములు. మరుసటి యేడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ అను పరిశోధకులు ఐదు కంపెనీల 21 పాత ఆండ్రాయిడ్ ఫోనులను పరీక్షించి, ప్రపంచమున 50 కోట్ల ఫోనులవరకు రీసెట్ చేసినను సమాచారము సరిగా తుడిచిపెట్టుకొనిపోక నిలిచియుండవచ్చునని అంచనా వేసిరి. కారణము ఫ్లాష్ మెమొరీ స్వభావమునందే యున్నది. గ్రంథాలయమున పుస్తకమును తీసివేయక, దాని పేరును పట్టికనుండి కొట్టివేసినట్లు, ఆ నాటి ఫోనులు సమాచారపు చిరునామాను మాత్రము చెరపి సమాచారమును ఉన్నచోటనే యుంచుచుండెను. పైగా మెమొరీ గళ్లన్నియు సమముగా అరుగుటకై ఒకే విషయమును వేర్వేరు గళ్లకు మార్చుచుండు నేర్పు లోపలి నియంత్రకమునకు గలదు గనుక, పైనుండి వ్రాసి కప్పుట కూడ సంపూర్ణము కాకుండెను.

దీనికి విరుగుడు తుడుపునందు గాక ఎన్‌క్రిప్షన్ అనబడు గుప్తీకరణమునందు దొరకినది. సమాచార మంతయు మొదటినుండియే ఒక రహస్య తాళపుచెవితో మార్చి వ్రాయబడుచుండిన యెడల, రీసెట్ నాడు గళ్ల నన్నిటిని తుడువ నక్కరలేదు. తాళపుచెవిని నశింపజేసిన చాలును, మిగిలినది ఎవ్వరికిని అర్థముకాని అక్షరరాశి. 2015లో ఆండ్రాయిడ్ 6.0 సమర్థములైన క్రొత్త ఫోనులకు దీనిని విధించినది, 2016లో 7.0 ఒక్కొక్క ఫైలునకు వేరువేరు తాళపుచెవి యుండు పద్ధతిని తెచ్చినది. 2019లో ఆండ్రాయిడ్ 10 తో వెలువడు ప్రతి ఫోనుకును, ఎంత చవకదైనను, ఇది తప్పనిసరి యైనది. కావున ఇటీవలి ఫోనును రీసెట్ చేసి యిచ్చువారు భయపడ పనిలేదు. ముఖ్యముగా భయపడవలసినది సొరుగులోని ఆ 2013, 2014 నాటి ఫోనులను గురించి: సెట్టింగ్స్ లో ఎన్‌క్రిప్ట్ అను అంశము కనబడినచో మొదట దానిని నడిపి, తరువాత రీసెట్ చేయవలెను. మెమొరీ కార్డును రీసెట్ సాధారణముగా ముట్టదు. దానిని ఊడదీసి యుంచుకొనుట మరువరాదు.

అయితే తుడుపు ఇంత పరిపూర్ణమైనది గనుకనే దానివలని నష్టమును పరిపూర్ణము. ఇచ్చట నేను కొంచెము నిలిచి చెప్పదలచితిని. “అన్నియు గూగుల్‌లో ఉన్నవి గదా” అను మాట ఈ ప్రాంతమున తరచు వినబడును. సగము నిజమైన ఆ మాటయే ఎక్కువ కన్నీళ్లను తెప్పించుచున్నది. గూగుల్ ఫొటోస్ తనంతట తాను భద్రపరచునది కెమెరాతో తీసిన చిత్రములను. వాట్సాప్‌లో వచ్చిన చిత్రముల సంపుటమును మనము ప్రత్యేకముగా ఎంచి చెప్పిననే అది తీసికొనును. ఊరినుండి మేనమామ పంపిన పెండ్లి చిత్రములు, బిడ్డ తొలి అడుగుల వీడియో అక్క పంపినది, ఇవన్నియు ఆ సంపుటమునందే యుండును. వాట్సాప్ సంభాషణలకు వేరే బ్యాకప్ కలదు. అది చివరిసారి ఎన్నడు జరిగినదో ఛాట్ బ్యాకప్ తెరపై తేదీ సహితముగా వ్రాసియుండును, దానిని కన్నులార చూడవలెను. ఆ బ్యాకప్‌కు పూర్తి గుప్తీకరణము నెంచుకొన్నవారు తమ పాస్‌వర్డునో, 64 అంకెల తాళపుచెవినో పోగొట్టుకొన్నచో కంపెనీ సైతము దానిని తెరువలేదు. ఇక కాల్ రికార్డింగులు ఈ రెండింటిలోను లేవు. కొన్ని ఫోనులు ప్రతి సంభాషణమును మౌనముగా దాచుచుండును. గతించిన తండ్రి కంఠస్వరము, “తిన్నవా బిడ్డా” అని యడిగిన ఆ రెండు మాటలు, ప్రపంచమున మరియెచ్చటను లేక, ఆ యొక్క ఫోల్డరులో నుండవచ్చును. రీసెట్ కొట్టుటకు ముందు ఆ ఫోల్డరును తెరచి చూచి కంప్యూటరులోనికి మార్చుకొనవలెనని నేను చదువరులను ప్రార్థించుచున్నాను.

డబ్బు విషయమున అంత దిగులు లేదు. యూపీఐ యాపులలో సాధారణముగా నున్నది సొమ్ము కాదు, సిమ్‌కును ఖాతాకును గల బంధము. క్రొత్త ఫోనులో సిమ్ నుండి ఒక సందేశము పోయి ఆ బంధమును మరల కలుపును. ఆఫీసు లాగిన్‌లకు అంకెలు చూపు ఆథెంటికేటర్ యాపు సంగతి వేరు: దానిని క్రొత్త ఫోనుకు మార్చక పాతదానిని తుడిచినవారు సోమవారము ఉదయమున తమ కార్యాలయపు ద్వారమును తామే మూసికొన్నవారగుదురు. ఉద్యోగము మారువారి ఫోనులో కంపెనీవారి వర్క్ ప్రొఫైల్ ఉన్న యెడల, వారు దూరమునుండి తుడుచునది ఆ భాగమును మాత్రమే. కంపెనీయే యిచ్చిన ఫోనైనచో సమస్తమును తుడువగలరు. అందుచే అట్టి ఫోనులో బిడ్డల చిత్రములను దాచుకొనుట వివేకము కాదు.

ఈ విషయములన్నియు ఎరిగినవారు ఈ ప్రాంతముననే నివసించుచున్నారు. గూగుల్ 2004 నుండి హైదరాబాదున నున్నది. 2025 జూన్‌లో డబ్లిన్, మ్యూనిక్, మలగాల తరువాత తన నాల్గవ సేఫ్టీ ఇంజనీరింగ్ కేంద్రమును ఈ నగరమునందే తెరచినది. వన్‌ప్లస్ తన భారతదేశపు పరిశోధనాకేంద్రమును 2019లో ఇచ్చట స్థాపించినది. ఫోనుల లోపలి ప్రోగ్రాములను వ్రాయువారి యిండ్లలోనే ఫోను తాళము పడి నిస్సహాయులగువారు అంట్లు తోముచుండుట, ఆ వ్రాయువారు గమనింపదగిన విషయము. వారు చేయవలసినది పెద్ద త్యాగమేమియు కాదు. ఫోను నిచ్చునాడు పావుగంట కూర్చుండుట. అకౌంట్స్ లోనికి పోయి తమ గూగుల్ ఖాతాను, శామ్‌సంగ్ ఫోనైనచో ఆ కంపెనీ ఖాతానుకూడ, తొలగించుట; ఈ-సిమ్ ఉన్నచో దానినిగూడ చెరపుట; సెట్టింగ్స్ నుండియే రీసెట్ చేయుట; పాస్‌వర్డ్ ఇటీవల మార్చియున్నచో ఒక దినము ఆగి చేయుట. పిమ్మట స్వాగతపు తెర వచ్చువరకు వేచి, భాషల పట్టికలో తెలుగు నెంచుట. 2014లో ఆండ్రాయిడ్ 5.0 తో తెలుగు ఆ పట్టికలో చేరినది.

అటుపిమ్మట పుచ్చుకొనునామె పేరనే, ఆమె సిమ్ సంఖ్యతోనే ఖాతాను తెరచి యిచ్చుట. దీనిని దుకాణమునకు వదలిన యెడల, అచ్చటి కుర్రవాడు తొందరలో ఏదో యొక మెయిలు సృష్టించి, ఏదో యొక పాస్‌వర్డు పెట్టి, చేతికిచ్చి పంపును. ఆరునెలలకు అతడును మరచును, ఆమె యెన్నడు నెరుగదు. ఎప్పుడో ఫోను హ్యాంగ్ అయి ఎవరో రీసెట్ కొట్టిననాడు, ఈమారు ఆమె తన సొంత ఖాతాకే పరాయిదై నిలుచును. ఆ మెయిలును, పాస్‌వర్డును పెద్ద యక్షరములతో కాగితముపై వ్రాసి, ఆధారు కార్డుతోపాటు ఇంటిలో దాచుకొమ్మని చెప్పి యిచ్చినగాని ఆ దానము పూర్తికాదు.